ఆర్గానిక్ సెమీకండక్టర్ పొరల్లో స్పిన్, కరెంటు: తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీలో స్పింట్రానిక్స్ (ఎలక్ట్రాన్ ఆవేశంతో పాటు దాని స్పిన్‌ను, అంటే దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణాన్ని, వాడుకునే శాస్త్రం) చదివి ఇటువైపు చూస్తున్నవాళ్లు, ఓఎల్ఈడీల (కరెంటుతో వెలిగే ఆర్గానిక్ పొరల పరికరాల) మీద పనిచేస్తూ ఒకరోజు పరికరం దగ్గరకు అయస్కాంతం తెచ్చి ఆశ్చర్యపోయినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పవచ్చు. కొన్నిటికి ఓపిగ్గా లెక్క వేసి చూడాల్సిందే.

ఆర్గానిక్ సెమీకండక్టర్‌కు, సిలికాన్‌కు అసలు తేడా ఏమిటి?

ఆర్గానిక్ సెమీకండక్టర్లు ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్‌లతో కట్టిన అణువులు లేదా పాలిమర్లు. వీటిలో ఒంటి బంధాలు, జంట బంధాలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. 1977లో పాలిఎసిటిలీన్‌కు అయొడిన్ పట్టించి దాని వాహకతను అనేక రెట్లు పెంచినప్పుడు ఈ రంగానికి పునాది పడింది. ఆ పనికి హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు 2000లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. 1987లో టాంగ్, వాన్‌స్లైక్‌లు ఏఎల్‌క్యూ3 అనే అల్యూమినియం సమ్మేళనంతో తక్కువ వోల్టేజీకే వెలిగే ఓఎల్ఈడీ చేసి చూపించారు. ఆ ఏఎల్‌క్యూ3 ఈ పేజీలో చాలాసార్లు కనిపిస్తుంది.

సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడి ఉండదు, స్ఫటికమంతా తనదే. ఆర్గానిక్ పొరలో అలా కుదరదు. అణువులు చిందరవందరగా పేర్చి ఉంటాయి, కాబట్టి ఆవేశం ఒక అణువు మీద కాసేపు ఆగి, వీలు దొరికినప్పుడు పక్క అణువు మీదికి దూకుతుంది. దీన్నే హాపింగ్ అంటారు. ఆగిన చోట చుట్టూ అణువు ఆకారం కూడా కొద్దిగా మారుతుంది. ఆ మార్పుతో కలిపి ఆవేశాన్ని పోలరాన్ అంటాం. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ చలనశీలత, అంటే విద్యుత్ క్షేత్రంలో అది ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత, దాదాపు 1400 చ.సెం.మీ./వోల్ట్-సెకను. ఏఎల్‌క్యూ3లో అది సుమారు 0.00001. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, వీటితో ముందు ముందు పని ఉంది.

అయస్కాంతం కాని పదార్థంలో అయస్కాంత క్షేత్రం కరెంటును ఎందుకు మారుస్తుంది?

ఈ ప్రశ్నలోనే ఈ రంగం అందమంతా ఉంది. 2004లో అయోవా విశ్వవిద్యాలయంలో వోల్గెనాంట్ బృందం పాలిఫ్లోరీన్ పొరతో మామూలు శాండ్‌విచ్ పరికరం చేసింది. ఎలక్ట్రోడ్లలో ఎక్కడా అయస్కాంత లోహం లేదు. అయినా గది ఉష్ణోగ్రత దగ్గర, కేవలం 10 మిల్లీటెస్లా క్షేత్రంలో నిరోధం 10 శాతం దాకా మారింది. బొమ్మలు అతికించే చిన్న ఫ్రిజ్ అయస్కాంతం దగ్గరకు తెచ్చినా ఇంచుమించు అంత క్షేత్రం వస్తుంది. దీన్ని ఆర్గానిక్ మాగ్నెటోరెసిస్టెన్స్, పొట్టిగా ఓమార్ అంటారు.

దీనికి ముందు కథ లేకపోలేదు. ఆర్గానిక్ స్ఫటికాల ఫొటోవాహకత చిన్న అయస్కాంత క్షేత్రంలో మారుతుందని ఫ్రాంకెవిచ్, బలబానోవ్‌లు 1965లోనే చూశారు. ఆ పాత కాగితాలను తిరగేసినవాళ్లకు 2004 నాటి ఫలితం అంత ఆశ్చర్యంగా అనిపించదు. ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఆ పాత పని తప్పకుండా చూడాలని నా అభిప్రాయం.

ఇది లోరెంజ్ బలం వల్ల కాదని ఎలా చెప్పగలం?

కదిలే ఆవేశాన్ని అయస్కాంత క్షేత్రం పక్కకు నెట్టే బలమే లోరెంజ్ బలం. కారణం అది కాదని చూపడానికి చిన్న లెక్క చాలు. ఆ బలం వల్ల వచ్చే మామూలు మాగ్నెటోరెసిస్టెన్స్ చలనశీలతను క్షేత్రంతో గుణించి, వచ్చినదాని వర్గం చేస్తే ఎంతో సుమారుగా అంత ఉంటుంది. ఏఎల్‌క్యూ3 చలనశీలతను మీటర్లలోకి మార్చి 0.01 టెస్లాతో గుణిస్తే 10 మైనస్ 11వ ఘాతం వస్తుంది. దాని వర్గం 10 మైనస్ 22వ ఘాతం. అంటే కొలవడం కాదు, ఊహించడమే కష్టం. 10 శాతం మార్పు ఆ దారిలో వచ్చే వీలే లేదు. మిగిలింది స్పిన్.

10 మిల్లీటెస్లాలో స్పిన్ శక్తి ఎంత? గది వేడి దాన్ని ముంచెయ్యదా?

10 మిల్లీటెస్లాలో స్పిన్ పైకీ కిందికీ మధ్య శక్తి తేడా సుమారు 1.2 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్ట్. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి సుమారు 26 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్. అంటే ఇరవై వేల రెట్లకు పైనే ఎక్కువ. సమతాస్థితిలో ఆలోచిస్తే ఏ ప్రభావమూ కనిపించకూడదు. ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు.

చిక్కు ఎక్కడుందంటే, పరికరంలో కరెంటు నడుస్తున్నంతసేపూ అది సమతాస్థితిలో లేదు. రెండు ఆవేశాలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ జంట సింగ్లెట్ (రెండు స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న స్థితి) అయితే ఒక దారిన, ట్రిప్లెట్ (రెండు స్పిన్‌లు కూడిన స్థితి, ఇందులో మూడు రకాలు) అయితే ఇంకో దారిన పోతుంది. వేడి వచ్చి స్పిన్‌లను కలగాపులగం చేయాలంటే సమయం పడుతుంది. ఆర్గానిక్ పొరల్లో స్పిన్ సడలే సమయం, అంటే స్పిన్ తన దిశను మరిచిపోయే సమయం, మైక్రోసెకన్లలో ఉంటుంది, జంట తేల్చుకునేది అంతకన్నా ముందే. రైలు పట్టాలు మార్చే లివర్‌కు రైలును ఆపేంత బలం అక్కర్లేదు. రైలు రాకముందే లాగితే చాలు. ఇక్కడ అయస్కాంత క్షేత్రం చేసేది అదే. కాబట్టి ఈ విషయంలో శక్తి ఎంత అని కాకుండా ఏది ముందు జరుగుతుంది అని అడగాలి.

హైడ్రోజన్ కేంద్రకాల పాత్ర ఏమిటి?

దగ్గరగా వెళ్లి చూద్దాం. పక్కపక్క అణువుల మీద రెండు పోలరాన్లు ఆగి ఉన్నాయనుకోండి. ఒక్కో అణువులో పదుల కొద్దీ హైడ్రోజన్లు. ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక చిన్న అయస్కాంతమే. అవి ఏ దిశలో పడితే ఆ దిశలో చూస్తుంటాయి. వాటన్నిటి మొత్తం ప్రభావం ఒక పోలరాన్‌కు కొన్ని మిల్లీటెస్లాల క్షేత్రంలా అనిపిస్తుంది. దీన్నే హైపర్‌ఫైన్ క్షేత్రం అంటారు. పక్క అణువు మీది పోలరాన్‌కు అనిపించే క్షేత్రం దిశ వేరు, పరిమాణం వేరు.

1 మిల్లీటెస్లాలో ఎలక్ట్రాన్ స్పిన్ సెకనుకు 2.8 కోట్ల సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు సుమారు 36 నానోసెకన్లు. రెండు స్పిన్‌లు రెండు వేర్వేరు అక్షాల చుట్టూ అలా తిరుగుతుంటే, సింగ్లెట్‌గా మొదలైన జంట కొన్ని పదుల నానోసెకన్లలో ట్రిప్లెట్ వైపు జారుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. బయటి క్షేత్రం లేనప్పుడు సింగ్లెట్‌తో మూడు ట్రిప్లెట్ స్థితులూ కలుస్తాయి. బయటి నుంచి 10 మిల్లీటెస్లా పెడితే రెండు స్పిన్‌లూ దాదాపు ఒకే అక్షం చుట్టూ తిరుగుతాయి. మూడు ట్రిప్లెట్లలో రెండు శక్తిలో దూరం జరుగుతాయి, సింగ్లెట్‌తో కలిసేది ఒక్కటే మిగులుతుంది. అందుకే మార్పంతా మొదటి కొన్ని మిల్లీటెస్లాల్లోనే జరిగిపోయి, ఆ తర్వాత గీత చదునవుతుంది.

నా పరికరంలో కరెంటు పెరిగింది, మరొకరి పరికరంలో తగ్గింది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ఏ జంట కరెంటును శాసిస్తోందన్న దాన్ని బట్టి మార్పు గుర్తు (ప్లస్ లేదా మైనస్) మారుతుంది. మూడు వివరణలు వాడుకలో ఉన్నాయి.

బైపోలరాన్ వివరణను బాబర్ట్ బృందం 2007లో ముందుకు తెచ్చింది. ఒకే రకం ఆవేశాలు రెండు ఒకే అణువు మీద కూర్చోవాలంటే (ఆ జంటే బైపోలరాన్) పౌలీ నియమం ప్రకారం ఆ జంట సింగ్లెట్ అయి ఉండాలి. ట్రిప్లెట్ అయితే వెనకాల ఉన్న ఆవేశానికి దారి మూసుకుపోయినట్టే. హైపర్‌ఫైన్ కలయిక ఆ దారిని మళ్లీ తెరుస్తుంది. బయటి క్షేత్రం ఆ కలయికను తగ్గిస్తుంది కాబట్టి కరెంటు తగ్గుతుంది. దీనికి ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ, ధన ఆవేశంలా నడుస్తుంది) రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు.

ఎలక్ట్రాన్-హోల్ జంట వివరణలో సింగ్లెట్, ట్రిప్లెట్ జంటలు వేర్వేరు వేగాలతో కలిసిపోతాయి లేదా విడిపోతాయి. మూడోది ట్రిప్లెట్ ఎక్సిటాన్లు (ఒకదానికొకటి కట్టుబడిన ఎలక్ట్రాన్-హోల్ జంటలు) పోలరాన్లను ఢీకొని వాటి వేగాన్ని తగ్గిస్తాయనే వివరణ. వెలుగు మొదలయ్యే వోల్టేజీ దగ్గరే మీ పరికరంలో ప్రభావం కూడా మొదలైతే ఈ చివరి రెండిటినీ ముందు అనుమానించండి. ఒకే రకం ఆవేశం నడిచే పరికరంలోనూ కనిపిస్తే బైపోలరాన్ వైపు చూడండి. ఒక్క వివరణే అన్నిటికీ సరిపోవాలని పట్టుబట్టిన వాదనలు ఈ రంగం టైమ్‌ను చాలా తినేశాయి. ఒకే పరికరంలో వోల్టేజీ మార్చితేనే గుర్తు తిరగబడడం చూశాక, ఆ పట్టుదలకు అర్థం లేదనిపిస్తుంది.

హైడ్రోజన్లే కారణమని రుజువు ఉందా?

ఉంది, నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది. 2010లో యూటా విశ్వవిద్యాలయంలో వర్దెనీ బృందం ఒక పీపీవీ రకం పాలిమర్‌లో హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి చూసింది. రసాయనంగా రెండూ దాదాపు ఒకటే, కేంద్రకపు అయస్కాంత బలం మాత్రం డ్యుటీరియంకు బాగా తక్కువ. ఓమార్ గీత సన్నబడింది. కార్బన్‌లో 1.1 శాతంగా ఉండే 13 ద్రవ్యరాశి రకానికి మాత్రమే కేంద్రక స్పిన్ ఉంది, మామూలు కార్బన్-12కు అసలు లేదు. అందుకే భారమంతా హైడ్రోజన్ల మీద పడుతుంది. హైడ్రోజనే లేని సీ60 (60 కార్బన్ పరమాణువుల బంతిలాంటి అణువు) పొరల్లో ప్రభావం చాలా బలహీనం. ఇరిడియం, ప్లాటినం లాంటి బరువైన పరమాణువులున్న అణువుల్లోనూ తగ్గిపోతుంది, అక్కడ స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కు, దాని కక్ష్యా చలనానికి ఉన్న ముడి) స్పిన్‌ను త్వరగా చెదరగొడుతుంది.

స్పిన్ వాల్వ్ అంటే ఇదేనా?

కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. స్పిన్ వాల్వ్‌లో రెండు అయస్కాంత ఎలక్ట్రోడ్లు ఉంటాయి, మధ్యలో ఆర్గానిక్ పొర. ఒక ఎలక్ట్రోడ్ స్పిన్‌లను ఒక దిశలో నింపి పంపుతుంది, రెండోది అవి ఏ దిశలో వచ్చాయో చూస్తుంది. రెండు ఎలక్ట్రోడ్ల అయస్కాంతత్వం ఒకే దిశలో ఉన్నప్పుడు, ఎదురెదురుగా ఉన్నప్పుడు నిరోధం వేర్వేరుగా ఉంటుంది. లోహ పొరల్లో ఈ ప్రభావాన్ని 1988లో కనిపెట్టినందుకే ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్‌లకు 2007లో భౌతిక శాస్త్ర నోబెల్ ఇచ్చారు.

గీతలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఓమార్ సున్నా క్షేత్రం దగ్గర నున్నగా ఉండే శిఖరం లేదా లోయ. క్షేత్రాన్ని ఏ దిశలో పెంచుతూ వెళ్లినా అదే గీత. స్పిన్ వాల్వ్ గీత ఎలక్ట్రోడ్లు తిరగబడే క్షేత్రాల దగ్గర మెట్లలా ఉంటుంది, వెళ్లేటప్పుడు ఒక చోట, తిరిగొచ్చేటప్పుడు ఇంకో చోట.

ఆర్గానిక్ స్పిన్ వాల్వ్‌లో 2004లో వచ్చిన 40 శాతం ఫలితాన్ని నమ్మవచ్చా?

బొలోన్యాలో డెడియూ బృందం 2002లో ఎల్ఎస్ఎమ్ఓ అనే మాంగనైట్ (అయస్కాంత గుణమున్న మాంగనీస్ ఆక్సైడ్) ఎలక్ట్రోడ్ల మధ్య సెక్సిథయోఫీన్ అనే ఆర్గానిక్ పదార్థం పెట్టి మొదటి అడుగు వేసింది. 2004లో యూటా బృందం ఎల్ఎస్ఎమ్ఓ, ఏఎల్‌క్యూ3, కోబాల్ట్ శాండ్‌విచ్‌లో 11 కెల్విన్ దగ్గర 40 శాతం నిరోధ మార్పు చూపించింది. ఆర్గానిక్ పొర 130 నానోమీటర్లు. కొలత మీద నాకు అనుమానం లేదు. స్పిన్ ఆ 130 నానోమీటర్లూ నడిచి వెళ్లిందా అన్నదే ప్రశ్న.

లెక్క వేద్దాం. స్పిన్ ఎంత దూరం వెళ్తుందంటే, విసరణ గుణకాన్ని (ఆవేశం అటూ ఇటూ ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే అంకెను) స్పిన్ సడలే సమయంతో గుణించి వర్గమూలం తీయాలి. 0.00001 చలనశీలతకు గది ఉష్ణోగ్రతలో విసరణ గుణకం 2.6 × 10 మైనస్ 7వ ఘాతం చ.సెం.మీ./సెకను. సమయం 1 మైక్రోసెకను తీసుకుంటే దూరం సుమారు 5 నానోమీటర్లు. పొరలో అది ఇరవయ్యో వంతు కూడా కాదు. చల్లబరిస్తే చలనశీలత ఇంకా పడిపోతుంది. అదే చలనశీలత 1 ఉంటే దూరం 1.6 మైక్రోమీటర్లు వచ్చేది.

మరి 40 శాతం ఎక్కడిది? మెత్తని ఆర్గానిక్ పొర మీద కోబాల్ట్‌ను ఆవిరి చేసి వేస్తే అది పైనే ఆగదు, లోపలికి చొచ్చుకుపోతుంది. అసలు స్పిన్ దాటిన మందం కాగితం మీద రాసినదానికన్నా తక్కువ కావచ్చు. సూది మొనంత చోట్ల రెండు లోహాలూ దగ్గరై, అక్కడే కరెంటంతా పోతుండవచ్చు. ఇంకోవైపు, స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో 2009లో పనిచేస్తున్న పరికరం లోపలికే నెమ్మది మ్యూవాన్లతో (లోపలి అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే కణాలతో) తొంగి చూసి, ఆర్గానిక్ పొరలో స్పిన్ ధ్రువణం (ఒక దిశ స్పిన్‌లు ఎక్కువగా ఉండడం) ఉందని చూపించారు. అంటే ఇంజెక్షన్ (ఎలక్ట్రోడ్ నుంచి పొరలోకి స్పిన్ చేరడం) జరుగుతోంది. దూరం, దారి మీదే వాదన.

హాన్లే ప్రయోగం గురించి ఇంత పట్టుదల ఎందుకు?

స్పిన్‌లు నిజంగా పొరలో నడుస్తుంటే, ప్రయాణానికి అడ్డంగా చిన్న క్షేత్రం పెట్టినప్పుడు దారిలో తిరిగిపోయి సంకేతం చెరిగిపోవాలి. ఇది హాన్లే ప్రభావం. గాలియం ఆర్సెనైడ్, సిలికాన్‌లలో స్పిన్ రవాణాకు ఇదే గీటురాయి. ఏఎల్‌క్యూ3 స్పిన్ వాల్వ్‌లలో 2013లో శ్రద్ధగా వెతికితే కనబడలేదు. పోలరాన్ కదలకుండానే పక్క పోలరాన్‌తో ఎక్స్ఛేంజ్ (రెండు స్పిన్‌లు తమ దిశలను మార్చుకునే పరస్పర చర్య) ద్వారా స్పిన్‌ను త్వరగా చేరవేస్తుందని, అందువల్ల తిరిగే సమయం దొరకదని ఒక సమాధానం వచ్చింది. అది ఆసక్తికరమైన సమాధానమే. అయినా హాన్లే లేని స్పిన్ వాల్వ్ ఫలితాన్ని రవాణాకు రుజువుగా నేను లెక్కలోకి తీసుకోను.

స్పింటర్‌ఫేస్ అంటే?

లోహం, అణువు కలిసే మొదటి పొర. అక్కడ అణువు స్థితులు లోహపు స్పిన్ స్థితులతో కలిసి కొత్త రూపం తీసుకుంటాయి. ఆ మొదటి పొర స్పిన్‌లను వడకట్టగలదు, కొన్నిసార్లు ధ్రువణం గుర్తునే తిప్పేయగలదు. 2010లో ఫ్రెంచ్ బృందం ఎల్ఎస్ఎమ్ఓ, ఏఎల్‌క్యూ3, కోబాల్ట్‌లతోనే కొన్ని నానోమీటర్ల మందం సంధి చేసి 2 కెల్విన్ దగ్గర 300 శాతం నిరోధ మార్పు చూసింది. స్పింటర్‌ఫేస్ అని పేరు పెట్టింది సాన్విటో అనే భౌతిక శాస్త్రవేత్త.

కైరల్ అణువులు స్పిన్‌ను వడకడతాయంటారు, నిజమేనా?

కైరల్ అణువుల (ఎడమ, కుడి చేతుల్లా అద్దంలో ప్రతిబింబాలైన రెండు రూపాలుండే అణువుల) పొరల గుండా వచ్చిన ఎలక్ట్రాన్లు స్పిన్‌ను ఎంచుకుంటాయని 1999 నుంచి నామన్, ఆయన సహచరులు చూపిస్తూ వచ్చారు. ప్రభావం ఉంది. తేలికైన కార్బన్ అణువుల్లో అంత పెద్దగా ఎందుకుందన్న దానిమీద సిద్ధాంతకర్తలు ఇంకా ఒక మాట మీదకు రాలేదు.

అయస్కాంత ఎలక్ట్రోడ్ నుంచి కరెంటు పంపకుండా స్పిన్‌ను పంపవచ్చా?

పంపవచ్చు. ఫెర్రో అయస్కాంతాన్ని మైక్రోవేవ్‌తో ఊపితే పక్క పొరలోకి ఆవేశం లేకుండా స్పిన్ ఒక్కటే ప్రవహిస్తుంది. దీన్ని స్పిన్ పంపింగ్ అంటారు. 2014లో కేంబ్రిడ్జ్‌లో సిరింగ్‌హాస్‌తో కలిసిన బృందం పీబీటీటీటీ పాలిమర్ గుండా ఇలా స్పిన్‌ను దాటించి, అవతల ప్లాటినంలో వోల్టేజీగా పట్టుకుంది. 2019లో బాగా డోప్ చేసిన (ఆవేశాలు పెరిగేలా వేరే పదార్థం కలిపిన) పాలిమర్లలో ఒక మైక్రోమీటర్‌కు మించిన దూరం చూపించారు. ఆవేశాలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్స్ఛేంజ్ బలపడుతుంది, స్పిన్ ఆవేశం కన్నా ముందు పోతుంది. ఈ రంగంలో నాకు బాగా ఆశ కలిగిస్తున్న దారి ఇదే.

ఓఎల్ఈడీ, సోలార్ సెల్ చేసేవాళ్లు స్పిన్ గురించి ఎందుకు పట్టించుకోవాలి?

ఎలక్ట్రాన్, హోల్ యాదృచ్ఛికంగా కలిస్తే 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. మామూలు అణువుల్లో ట్రిప్లెట్ వెలగదు. ఆ 75 శాతాన్ని వెలిగించడానికి ఇరిడియం అణువులు వచ్చాయి. తర్వాత, 2012లో అడాచి బృందం ట్రిప్లెట్‌ను వేడితోనే తిరిగి సింగ్లెట్‌గా మార్చే అణువులతో సమర్థమైన ఓఎల్ఈడీ చేసింది. సోలార్ సెల్స్ వైపు పెంటసీన్ లాంటి పొరల్లో ఒక సింగ్లెట్ రెండు ట్రిప్లెట్లుగా చీలుతుంది. అయస్కాంత క్షేత్రంతో కరెంటు ఎటు మారుతోందో చూస్తే, ఈ పనుల్లో ఏది జరుగుతోందో పరికరాన్ని విప్పకుండానే తెలుస్తుంది.

దీంతో సెన్సర్లు చేయవచ్చా?

2012లో యూటాలో బోమె, లుప్టన్ బృందాలు పాలిమర్ డయోడ్‌లోనే రేడియో తరంగాలతో స్పిన్‌ను తిప్పి, దాని పౌనఃపున్యం నుంచి క్షేత్రాన్ని నేరుగా చదివే మాగ్నెటోమీటర్ చూపించాయి. ఎలక్ట్రాన్ స్పిన్ తిరిగే వేగం ప్రకృతి స్థిరాంకాలను బట్టే ఉంటుంది. కాబట్టి పరికరం పాతబడినా, ఉష్ణోగ్రత మారినా రీడింగ్ పెద్దగా చెడదు. శాతాల వెంట పడేవాళ్లు ఈ ఆలోచనను గమనించాలి.

నా డయోడ్‌లో 3 శాతం మార్పు వచ్చింది. అది స్పిన్ వల్లేనని ఎలా నిర్ధారించుకోవాలి?

ముందు డ్రిఫ్ట్ సంగతి చూడండి. స్థిర వోల్టేజీ పెట్టి కూర్చుంటే ఆర్గానిక్ డయోడ్ కరెంటు దానంతట అదే మెల్లగా తగ్గుతుంది. క్షేత్రాన్ని ఒకే దిశలో పెంచుకుంటూ పోతే ఆ తగ్గుదల అంతా మాగ్నెటోరెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది. కాబట్టి ప్రతి క్షేత్రం దగ్గర కొలిచాక సున్నాకు వచ్చి మళ్లీ కొలవండి, ముందూ వెనకా వచ్చిన సున్నా రీడింగుల సగటుతో పోల్చండి. టైమ్ రెండింతలు పడుతుంది, ఫర్వాలేదు.

సున్నా అనుకుంటున్నది నిజంగా సున్నాయేనా అన్నది రెండో సంగతి. ఇనుప కోర్ ఉన్న విద్యుదయస్కాంతంలో కరెంటు ఆపేశాక కూడా కొన్ని మిల్లీటెస్లాల క్షేత్రం మిగిలిపోవచ్చు. ఓమార్ వెడల్పు కూడా అంతే. పవర్ సప్లై చూపే అంకె వద్దు, నమూనా పక్కనే హాల్ ప్రోబ్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సాధనం) పెట్టండి. గీత శిఖరం సున్నా నుంచి పక్కకు జరిగి, వెళ్లేటప్పుడు ఒకవైపు, వచ్చేటప్పుడు రెండోవైపు కనిపిస్తే అది మీ అయస్కాంతం చేసిన పనే.

తర్వాత క్షేత్రం దిశ మార్చి చూడండి. పొరకు సమాంతరంగా, లంబంగా ఒకే గీత రావాలి. తేడా ఉంటే ఎలక్ట్రోడ్లలో అయస్కాంత మలినం ఉందేమో వెతకండి. పొర లేకుండా అదే వైరింగ్‌తో ఒక మామూలు రెసిస్టర్ పెట్టి పూర్తి స్వీప్ తీయండి, గీత చదునుగా ఉండాలి.

చివరిగా గీత ఆకారం. క్షేత్రం వర్గాన్ని, క్షేత్రం వర్గం ప్లస్ ఒక స్థిరాంకం వర్గంతో భాగించిన లోరెంజియన్ కుదురుతుందా? లేక క్షేత్రం వర్గాన్ని, క్షేత్రం పరిమాణం ప్లస్ స్థిరాంకం మొత్తం వర్గంతో భాగించిన, నెమ్మదిగా సంతృప్తమయ్యే రూపమా? రెండూ వేసి చూడండి. ఆ స్థిరాంకం 3 నుంచి 6 మిల్లీటెస్లాల మధ్య వచ్చి, వోల్టేజీ మార్చినా పెద్దగా కదలకపోతే హైపర్‌ఫైన్ వైపు బలమైన సూచన దొరికినట్టే. అప్పుడు అదే అణువు డ్యుటీరియం రకాన్ని సంపాదించి, అదే మందంతో, అదే రోజు, అదే చాంబర్‌లో రెండో పరికరం చేయండి.